ఎవరూ పొగడని జగ్గు

వేసవికి ఒక్క గోధుమ బీరు ఎంచి పెట్టాలి. ఆ పని ఝాన్సీకి ఒప్పజెప్పారు. ఆమె మూడు రకాలు కాచింది. ఏది పెట్టాలో తేలక ఆమెకి అన్నం సహించడం లేదు.

సికింద్రాబాదులో చిన్న బీరుశాల అది. కాచేదీ అక్కడే, అమ్మేదీ అక్కడే. కాచే విద్యకు పెద్దదిక్కు దేవదానం మాస్టారు. ఆదివారం పొద్దున చర్చిలో పాడి వచ్చి, అదే మెత్తటి గొంతుతో ట్యాంకులను పలకరించే మనిషి. ఝాన్సీ ఆయన శిష్యురాలు. ఉన్న ఉద్యోగం వదులుకుని, ఆడపిల్లకి ఇదేం పనంటూ అలిగిన అమ్మను అలా అలగనిచ్చి, వచ్చి చేరింది.

అక్కడ ఒక ఆనవాయితీ ఉంది. వేసవి బీరు ఎవరు కాస్తే వాళ్ళ పేరు కుళాయి పైన పలక మీద సుద్దతో రాస్తారు. ఆ బీరు జనానికి నచ్చకపోతే మరో వేసవి దాకా వాళ్ళకి కాచుకోడానికి ట్యాంకు ఇవ్వరు. ఆ పలక మీద ఇంతవరకూ ఆడపిల్ల పేరు లేదు.

అందుకని ఝాన్సీ ఉన్న తెలివంతా పెట్టింది. మొదటి దాంట్లో కమలా తొక్కలు, దంచిన ధనియాలు వేసింది. రెండో దానికి ఏమీ వేయకుండానే, పులియబెట్టడంలోనే అరటిపండు వాసన, లవంగం ఘాటు రప్పించింది. రోజూ చల్లగదిలో నిలబడి, గ్లాసులో ముక్కు పెట్టి, నాలుక మీద ఒక్క గుక్క తిప్పి, ఒకసారి దీనికీ ఒకసారి దానికీ ఓటు వేసేది.

"మొదటిదా, రెండోదా? మీరే చెప్పండి మాస్టారూ."

"మూడోది?"

"అదా! వట్టి గోధుమ బీరు. మిగిలిన గోధుమ ఊరికే పోతుందని కాచాను. దాని గురించి చెప్పుకోడానికి ఏమీ లేదు. ఎలాగూ ట్యాంకు కడగాలి కదా, పారబోసేస్తా."

మాస్టారు ఆ ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి, కాసేపు అలాగే ఉంచారు.

"పారబోసేదేదో జగ్గులోకి పొయ్యమ్మా" అన్నారు.

అది నెలకోసారి పైపులు కడిగే రోజు. ఆ రోజు అమ్మకం ఉండదు. వంటవాళ్ళు, వడ్డించేవాళ్ళు, అందరూ చెయ్యి వెయ్యాల్సిందే. లోపల మరిగే నీళ్ళ ఆవిరి, బయట మార్చి నెల ఎండ. సాయంత్రానికి అందరి చొక్కాలూ ఒంటికి అతుక్కుపోయాయి. పని ముగిశాక డాబా మీద రేకుల నీడన చేరారు. మాస్టారు మూడు జగ్గులూ తెచ్చి మధ్యలో పెట్టారు. ఏది ఏదో చెప్పలేదు.

ఝాన్సీతో మాత్రం మెల్లగా అన్నారు: "నువ్వు నోరు మెదపకు. అందరితో పాటు కూర్చో."

వడ్డించే సంపత్ మొదటి జగ్గు అందుకున్నాడు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూశాడు.

"అబ్బబ్బ! ఇది బీరా, అత్తరా? ఝాన్సక్కా, జర అంగికి రాసుకోనా?"

వంటాయన రాజమల్లు వాసన చూసి గ్లాసు దించాడు. "నా డబ్బాల ధనియాలు తక్కువైనయేందని నెల సంది ఎతుకుతున్న. దొంగ ఈడ దొరికింది!"

అందరూ గొల్లుమన్నారు. ఝాన్సీ ముఖం వెలిగిపోయింది.

రెండోదానికీ పొగడ్తలు తక్కువ కాలేదు. "మస్తుంది! అరటిపండు తిని పాన్ ఏస్కున్నట్టుంది" అన్నాడు సంపత్. ఎవరో ఫోన్ తీసి దాని నురగకి ఫొటో కొట్టారు.

మూడో జగ్గు గురించి ఎవరూ ఏమీ అనలేదు.

మాటలు ఎటో వెళ్ళిపోయాయి. రాజమల్లు తన బావమరిది పెళ్ళి సంగతి ఎత్తుకున్నాడు. బ్యాండు మోతకి బెదిరిన గుర్రం పెళ్ళికొడుకుతో సహా ఫంక్షన్ హాలు దాటిపోయింది. "ఆపుండ్రి, ఆపుండ్రి అని వీడు మీదికెల్లి మొత్తుకుంటుండు. అది ఆగితేనా? సక్కగ పోయి పెట్రోల్ బంకుల లైన్ల నిలవడ్డది!"

"గుర్రానికి ట్యాంకు ఫుల్ చేయించిండ్రా మరి?" అన్నాడు సంపత్.

ఝాన్సీకి కూడా నవ్వాగలేదు. కానీ నవ్వుతున్నా ఓ కన్ను మొదటి రెండు జగ్గుల మీదే ఉంది. అంతగా మెచ్చుకున్నారు కదా, మళ్ళీ ఎవరూ పోసుకోరేం? కడుపులు నిండాయేమో అనుకుంది.

పొద్దు వాలాక ఒక్కొక్కరూ దిగి వెళ్ళిపోయారు. మాస్టారు, ఝాన్సీ మిగిలారు.

ఆయన మొదటి జగ్గు ఎత్తి చూపించారు. సగం పైనే ఉంది. రెండోది ఎత్తారు. అదీ అంతే. మూడోది ఎత్తి, ఆమె ముందు తలకిందులు చేసి పట్టుకున్నారు. ఒక్క చుక్క గచ్చు మీద పడి, ఇంకిపోయింది.

"ఇది ఎవరు తాగారు?"

"వాళ్ళే అయ్యుంటారు మాస్టారూ."

"నీ చేతిలో ఉన్నదేంటి?"

ఝాన్సీ తన గ్లాసు వంక చూసుకుంది. అడుగున కాస్త మిగిలింది. లేత పసుపు, మసకమసకగా. పారబోస్తానన్న బీరే.

"ఎప్పుడు పోసుకున్నావు?"

"ఏమో..." ఆమె నెమ్మదిగా అంది. "గుర్రం పెట్రోల్ బంకుకి చేరినప్పుడనుకుంటా."

"ఎలా ఉంది?"

రుచి గుర్తు తెచ్చుకోబోయింది. అది రాలేదు. మెడ మీద చెమట ఆరడం గుర్తొచ్చింది. ఇన్నాళ్ళుగా బిగబట్టుకున్న భుజాలు ఎప్పుడో కిందికి జారడం గుర్తొచ్చింది. తన పేరూ పలకా మర్చిపోయి, అందరితో కలిసి కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వడం గుర్తొచ్చింది.

గ్లాసులో మిగిలింది చివరిదాకా తాగింది. వెచ్చబడి కూడా అది హాయిగానే దిగింది.

"ఇదే పెడతాను మాస్టారూ."

"రేపు పొద్దున్నే వచ్చి పలక మీద రాసుకో."

ఝాన్సీ గ్లాసు కింద పెట్టింది. "దీన్ని తీసుకెళ్ళి మోరీలో పోసేదాన్ని. మీరు ఆపారు. మీ మేలు ఎప్పటికీ మర్చిపోను" అంటూ ఆయన పాదాలకు వంగబోయింది.

మాస్టారు చప్పున వెనక్కి జరిగి, జగ్గులు మూడూ చేతికి తీసుకున్నారు.

"నాక్కాదమ్మా" అన్నారు మెట్లు దిగుతూ. "ఆ దణ్ణమేదో దాహానికి పెట్టుకో."