దిబ్బల దొర ఆకులో సున్నం

తమలపాకా? మానేశాను కదటే హంసా, మీ తాతయ్య పోయిన కాడి నుంచీ. డబ్బాలో సున్నం ఎండిపోయి పెచ్చు కట్టింది. ఆకు చిలకలు చుట్టి ఎవరికి పెట్టను? సర్లే, సున్నం అంటే గుర్తొచ్చింది, దిబ్బల దొర కథ చెప్తా. తమ్ముణ్ణి కూడా ఫోను కాడికి పిలువు. ఇద్దరూ ఊ కొట్టాలి. మీరు ఊ అనకపోతే గోడతో మాట్టాడినట్టుంటది నాకు.

అనగనగా కిష్ణ ఒడ్డున ఒక ఊరు. తెల్లదొరల రాణిగారి కాలం. ఊరి బయట ఎత్తుగా దిబ్బ. దాని కింద ఏ రాజులు కట్టించినయ్యో ఏమో, గుళ్ళూ గోపురాలూ కూలిపోయి మట్టిలో పడున్నాయి. గడ్డపార దించితే చాలు, చలవరాయి. ఆ ఊళ్ళో పోతురాజు సున్నం బట్టీ పెట్టుకున్నాడు. దిబ్బ మీద రాయి తెచ్చేది, బట్టీలో వేసేది. ఏనుగు బొమ్మయినా సున్నమే, దేవుడి బొమ్మయినా సున్నమే. ఆ సున్నం వెన్నపూసంట! చుట్టుపక్కల ఎవరి ఆకులో చూసినా అదే.

పోతురాజుకి ఒక్కతే కూతురు, నాంచారు.

ఒకరోజు గుర్రమేసుకుని తెల్లదొర వచ్చాడు. చిన్నప్పుడే ఇంట్లోంచి పారిపోయి ఓడెక్కినోడంట. ఐగుప్తులో రాజుల సమాధుల్లోకి బోర్లా పాక్కుంటా పోయాడు. ఇసక దేశాల్లో ఒంటెల మీద తిరిగాడు. దొంగలు చెవి సగం కోసేస్తే మిగిలిన సగానికి గుడ్డ కట్టుకుని మళ్ళీ తవ్వుకున్నాడు. ఏ దేశమెళ్ళినా పాతది తవ్వేది, దొరికింది ఓడెక్కించేది, ఇంకో దేశం పొయ్యేది. అదీ ఆయన బతుకు.

అట్టాంటోడు బట్టీలో బొమ్మ కాలతా ఉంటే చూశాడు. అయ్యయ్యో అని ఉత్త చేతుల్తో లాగాడు. అరచేతులు బొబ్బలెక్కినయ్. నాంచారు కలబంద గుజ్జు రాసింది. రాస్తా రాస్తా ఉండగానే పెళ్ళి దాకా వచ్చింది. ఊ కొడుతున్నారా?

దిబ్బ రాయి ముట్టుకోవద్దన్నాడు దొర మావగారిని. పాపం పోతురాజు నత్తగుల్లలు కాల్చుకున్నాడు. ఆ సున్నం గరుకు. నాంచారు రోజూ చిలక చుట్టి పెట్టేది, దొర నమిలేవోడు, నోరు పండేది కాదు. మొగుడి నోరు ఎర్రగా పండితే పెళ్ళాం మీద ప్రేమున్నట్టు కదా! నాంచారు ఆయన నాలిక చాపించి మరీ చూసుకునేది. ఎక్కడా ఎరుపు లేదు.

ఇట్టా ఉండగా దిబ్బలో ఆడబొమ్మ బయటపడింది. ఒంపుగా నిలబడి, నడుముకి పూసల వడ్డాణం. నాంచారు అన్నం గిన్నె పట్టుకుని వెళ్ళేసరికి దొర ఆ బొమ్మకి తడిగుడ్డతో మొహం తుడుస్తన్నాడు. గొడుగు బొమ్మ మీద, ఎండ ఈయన మీద.

ఏంది దొరా ఇదీ అంటే, "ఆవిడకి ఎండ" అన్నాడు.

ఆవిడంట! దొరకి తెలుగు నేర్పింది వంటోడు. పెళ్ళాన్ని ‘అది’ అనాలని చెప్పాడు వాడు. అది వండింది, అది వచ్చింది, అది అలిగింది. ఊపిరున్న నాంచారేమో అది, రాయేమో ఆవిడ! ఆవిడ ముక్కు చూడు, ఆవిడ నడుం చూడు అని దొర మురిసిపోతుంటే నాంచారుకి అరికాలి మంట నెత్తికెక్కింది. "అయితే అన్నం ఆవిడ్నే వండిపెట్టమను" అని గిన్నె తెచ్చేసుకుంది. ఇంటికొచ్చి కుడితి తొట్టిలో తన నడుం చూసుకుంది. గేదె నీళ్ళు కదిపింది, నడుం గేదంత అయింది. ఇంకా మండింది.

నవ్వుతున్నారా? నవ్వండి, నవ్వండి.

తర్వాత దొర బళ్ళు కట్టించుకుని బందరు వెళ్ళొస్తానన్నాడు. బందర్లో ఏముంటయ్? ఓడలు. అన్ని దేశాల్లో చేసిందే ఇక్కడా చేస్తాడు, ఆవిడ్ని ఓడెక్కిస్తాడు, ఆవిడ ఎనకాలే ఈయన పోతాడు, నేను ఈ దిబ్బ కాడ పడుంటాను అనుకుంది నాంచారు. బండి మలుపు తిరగంగానే నాన్న దగ్గరికి ఉరికింది, ఆవిడ్ని బట్టీలో వేసెయ్యమంది.

"అల్లుడు నన్ను నరుకుతాడే" అన్నాడు పోతురాజు. అంటానే దిబ్బ కాడికొచ్చి ఆ బొమ్మ రాయిని గోటితో గీకి చూసుకుంటన్నాడు. చలవరాయి కాల్చి ఎన్నాళ్ళయిందో పాపం!

రాయి బట్టీలో పడింది. బట్టీ రాయిని తినింది. ముక్కు విరిగిందాకా నాంచారు అక్కణ్ణించి కదల్లేదు.

దొర తిరిగొచ్చాడు. స్నానం చేశాడు, అన్నం తిన్నాడు, ఆకు అడిగాడు. రాయి సున్నమైంది, సున్నం ఆకు మీద పడింది, ఆకు దొర నోట్లో పడింది, నోరు పండింది. ఎట్టా పండిందనుకున్నారు? మోదుగుపువ్వే! నాంచారు పొంగిపోయింది. ఇన్నాళ్ళకి!

దొర పెదాలు తుడుచుకుని, "ఆకు కాదు, వక్క కాదు, సున్నం బాగుంది" అన్నాడు. "ఎంత తెలుపు, ఎంత మెత్తన! ఇట్టాంటిది నేనెక్కడా చూళ్ళేదు."

చూశారా? బూడిదయ్యి కూడా అదే మెప్పు కొట్టేసింది! నాంచారు తట్టుకోలేకపోయింది. "నేను చుట్టిన ఆకు బాలేదు, ఆవిడే బాగుందా? అది నీ ఆవిడే, నమలు!" అని అరిచేసింది.

దొర నమలటం ఆపాడు. తిట్టలేదు, కొట్టలేదు. వాకిట్లో బళ్ళు చూపించాడు. బళ్ళ నిండా టేకుదూలాలు, పెంకులు. ఓడోళ్ళు రమ్మన్నారంట, ఇంక రానని చెప్పొచ్చాడంట. దిబ్బ పక్కన ఇల్లు కడదామని, వసారాలో ఆవిడ్ని నిలబెట్టి, లోపల నువ్వూ నేనూ ముసలోళ్ళం అయిందాకా ఉందామని అనుకున్నాడంట. ఈ బొమ్మ దొరికినాక ఇంకో దేశం పోబుద్ధి కాలేదన్నాడు.

నాంచారు కాళ్ళ మీద పడింది. ఇంకో ఆకు చుట్టింది, సున్నం లేకుండా. దొర కాదనకుండా నమిలాడు. నోరు పండలేదు. సున్నపు డబ్బా మూత పెట్టి దగ్గరికి తీసుకున్నాడు.

ఆ పెంకులతో నాంచారు ఇల్లు కట్టుకుంది, నాన్నని చక్కగా చూసుకుంది. మనిషి పక్కనే ఉంటే ఉన్నాడని సంతోషపడాలి గానీ, రాయితో పోటీ పడతారటమ్మా? కథ కంచి బండెక్కింది, మీరు దుప్పట్లో దూరండి.

ఏందీ? దొర ఏమయ్యాడా?

తెల్లారేసరికి దొరా లేడు, డబ్బాలో ఆవిడా లేదు.