ఉప్పు మడుల ఫోటోల పుస్తకం

అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు దయానందం మాస్టారికి లేదు. ఎవరేమి అడిగినా ముందు ఏదో ఒక పుస్తకం తెమ్మని లైబ్రరీకి పంపేవారు. యూనివర్సిటీలో ఫోటోగ్రఫీ నేర్పడానికి కుదిరినప్పటి నుంచీ ఇదే వరస. దగ్గు మందు పేరడిగినా మాస్టారు పుస్తకమే తెమ్మంటారని విద్యార్థులు నవ్వుకునేవారు.

ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న ఇందుమతి ఒక మధ్యాహ్నం అడిగింది: “మాస్టారూ, మంచి దృశ్యం కంటబడగానే ఇంకెవరైనా నాకంటే ముందు తీసేస్తారేమోనని భయం పట్టుకుంటుంది. చెయ్యి వణుకుతుంది. ఈ భయం పోవాలంటే ఏం చెయ్యాలి?”

మాస్టారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. “ఉప్పు మడుల ఫోటోల పుస్తకం ఒకటి ఉండాలి. నేను రీడింగు హాల్లో కూర్చుంటాను, వెతికి పట్టుకురా. చూస్తూ మాట్లాడుకుందాం.”

ఇందుమతి తలూపి లేచింది. ఆ పుస్తకాన్ని నెల కిందట దాచింది తనే. తర్వాత ఒక్కసారీ అటు వెళ్లలేదు.

ఇక్కడ ఆ లైబ్రరీ సంగతి కొంత చెప్పాలి. చిత్రకళ పుస్తకాలూ ఫోటోల పుస్తకాలూ అక్కడ ఇంటికి ఇవ్వరు. ఉన్నది ఒక్కొక్క ప్రతి. అందుచేత, నచ్చిన పుస్తకం దొరికినవాళ్లు అది మర్నాటికి మరొకరి చేతిలో పడకుండా, ఎవరూ తొంగిచూడని అరలో లావుపాటి సంపుటాల వెనక దోపేసి పోయేవారు. పుస్తకం గడప దాటలేదు కనుక ఇది దొంగతనం కాదని అందరి నమ్మకం. పట్టుబడితే మాత్రం కార్డు రద్దు చేసి, పేరు నోటీసు బోర్డుకు ఎక్కించేవారు. ఇందుమతి థీసిస్ ఉప్పు మడుల మీదే. అది ఇవ్వడానికి ఇరవై రోజులే గడువుంది. కార్డు పోతే థీసిస్ పోయినట్టే.

ఇంకొక సంగతి. అది సముద్రం పక్కన ఊరు. ఫోటోలు అచ్చువేసే నున్నటి కాగితానికి చెమ్మ పడదు. వెనకటి లైబ్రేరియన్ ఒకాయన వానాకాలంలో ఆ పుస్తకాలన్నీ బల్లల మీద విప్పి పెట్టించి, అప్పడాలు ఆరబెట్టినట్టు రోజూ గాలికి ఆరబెట్టించేవాడట. ఆయనతోనే ఆ ముచ్చటా పోయింది.

పుస్తకాల అరలున్న అంతస్తుల్లో నేల అంతా సందులున్న ఇనుప చట్రాలే. పైన నడిస్తే కింద గంట కొట్టినట్టు వినిపిస్తుంది. ఇందుమతి మొదటి మెట్టు మీద చెప్పులు విప్పి, మూడో అంతస్తు దాకా పిల్లిలా ఎక్కింది. పాత పంటల గణాంకాల సంపుటాలున్న వరసలో నాలుగో అర వెనక చెయ్యి పెట్టింది. పుస్తకం చేతికి తగిలింది. బయటికి తీసి చూస్తే శిల్పాల పుస్తకం. ఉప్పు మడులది లేదు.

ఆమె ఆ అర చివరిదాకా మళ్లీ తడిమి చూసింది. తీసినవాళ్లు ఎవరైనా, తను దాస్తుండగా చూసే ఉండాలి. మాస్టారికి చెప్పే ఉండాలి. లేకపోతే ఇన్ని పుస్తకాలుండగా ఆయన ఆ ఒక్కటే ఎందుకు అడుగుతారు?

కాలికింద చట్రం సందుల్లోంచి నెరిసిన తల ఒకటి కదులుతూ కనిపించింది. అటెండరు పైడయ్య. ముప్పై ఏళ్లుగా ఆ అరలకు కాపలా ఆయనే. ఎవరితోనో చెబుతున్నాడు: “సోమవారం పుస్తకాల తనిఖీ అంట బాబూ. బొమ్మల పుస్తకాల అరలో ఉండాల్సినవి సగం కనబడవు. నెలాఖరుకి రిటైరయ్యేవోణ్ణి, దొంగనని రాసి ఇంటికి పంపుతారు కాబోలు.”

ఇందుమతి ఊపిరి బిగబట్టి నిలబడింది. ఆయన్ను పిలిచి అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. అడిగితే, ఎక్కడ వెతుకుతున్నావమ్మా అంటాడు. ఆ ఒక్క మాటకు జడిసి తనే వెతకసాగింది. గెజెట్ల వెనక రెండు దొరికాయి, పశువైద్యం సంపుటాల వెనక మూడు. చెయ్యి పెట్టిన ప్రతిచోటా ఎవరో ఒకరి భయం చేతికి తగులుతోంది. ఒక పుస్తకంలో ఆనవాలుగా పెట్టిన బస్సు టికెట్టు, ఒకదానిలో ఎండిన పువ్వు. గంటన్నరకి పదకొండు పుస్తకాలు పోగయ్యాయి. తనది వాటిలో లేదు.

వాటిని మళ్లీ దాచి దిగిపోవచ్చు. ఒక క్షణం చెయ్యి అటే పోయింది. కింద పైడయ్య దగ్గు వినిపించింది. పదకొండూ గుండెలకు హత్తుకుని మెట్లు దిగింది.

చివరి మెట్టు దగ్గర పైడయ్య ఆమె చెప్పుల పక్కనే కూర్చుని ఉన్నాడు. “ఇయ్యి చూసినప్పుడే అనుకున్నాను తల్లీ. చదవడానికి ఎక్కేవోళ్లు చెప్పులిప్పరు” అన్నాడు. పుస్తకాలు అందుకుని, మరొక మాట అడగకుండా బొమ్మల అరకు నడిచి, ఒక్కొక్కటే సర్దసాగాడు. వెనకాలే వెళ్లిన ఇందుమతి చూపు ఆ అర మూలకు పోయి ఆగింది. ఉప్పు మడుల ఫోటోల పుస్తకం తన చోట తను నిలబడి ఉంది.

“ఇది... ఎప్పటి నుంచి ఇక్కడుంది?”

“మూడు వారాలయింది. పంటల లెక్కల ఎనకాల దొరికితే తెచ్చి దాని చోట పెట్టాను. ఎవరూ ముట్టుకోనేదు. ఈ అరలో ఏటీ ఉండదని అందరికీ తెలుసు కదా. నువ్వు ఇక్కడ చూసేవా?”

చూడలేదు.

“దాచింది నేనే, పైడయ్య గారూ. ఇప్పుడు మాస్టారు తెమ్మన్నారు.”

“నాకెందుకమ్మా? పుస్తకం అడిగినాయనకి చెప్పు.”

రీడింగు హాలు నిండుగా ఉంది. ఇందుమతి పుస్తకాన్ని మాస్టారి ముందు పెట్టింది. గొంతు తగ్గించుకుందామనుకుంది గాని మాట పైకే వచ్చింది: “దొరికింది మాస్టారూ. దీన్ని దాచింది నేనే.” పక్క బల్లల దగ్గర నాలుగు తలలు లేచాయి.

మాస్టారు పుస్తకం తెరవలేదు. లేచి, ఇందుమతిని రమ్మని మెట్ల వైపు నడిచారు. మోకాళ్లు పట్టుకుంటూ మూడో అంతస్తు ఎక్కి, పాత రైల్వే టైంటేబుళ్ల సంపుటాల ముందు ఆగారు. చెయ్యి చాచబోయి, ఒకసారి వెనక్కి తిరిగి చూశారు. అక్కడ ఇందుమతి తప్ప ఎవరూ లేరు. అప్పుడు కింది అర వెనక, మోచేతి దాకా చెయ్యి పెట్టి, రంగు పోయిన ఒక పుస్తకం బయటికి లాగారు.

ఇందుమతి దాన్ని విప్పబోయింది. అట్ట లేచింది గాని లోపలి కాగితం ఒక్కటీ కదల్లేదు. వానాకాలాల చెమ్మకు పేజీలన్నీ అంటుకుపోయి, చేతిలో ఇటుక పెట్టినట్టుంది.

“నీ వయసులో, ఇక్కడ చదువుకునేటప్పుడు దాచాను. దీని దగ్గరికి వస్తే ఎవరైనా చూస్తారేమోనని మళ్లీ ఈ వైపు రాలేదు” అన్నారు మాస్టారు.

కింద పైడయ్య అరలు తుడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఇందుమతి అట్ట మూసి అడిగింది: “ఇందులో ఏం ఫోటోలున్నాయి మాస్టారూ?”

“తెలియదమ్మా. తీరిగ్గా చూద్దామనుకున్నాను.”