అల్లుడుగారి కూత

దేవళపాడుకూ నాగులూరుకూ చెడుగుడు పోటీ పెట్టారు. గెలిచిన ఊరికే ఆ ఏడు కాలువ నీళ్ళు ముందు వదులుతారు. మొదటి కూతకు ఎవరు వెళ్ళాలన్నదాని మీద దేవళపాడులో రోజూ రగడే. కల్లుగీసే గంగులు వెళ్ళాలని సగం ఊరు, దివాన్‌గారి అల్లుడు వెళ్ళాలని మిగతా సగం. చల్లమ్ముకునే గవరమ్మ మడి కాలువ చివర ఉంది. జట్టు ఓడితే ముందు ఎండేది ఆమె నారే.

ఓ సాయంత్రం ఆటగాళ్ళ సాధన చూడ్డానికి దివాన్‌గారే వచ్చారు.

"ఇన్నాళ్ళలో మా అల్లుణ్ణి ఒక్కడైనా పట్టగలిగాడా? ఇంకా వాదనెందుకు?" అన్నారు మీసం దువ్వుతూ.

గవరమ్మ చల్లకుండ దించింది. "నిజమే దొరా! పట్టడం అటుంచి, ఆయన కూతకొస్తే మనోళ్ళు వంగి దారిస్తున్నారు. ఈయన తమ అల్లుడుగారని నాగులూరులో కూడా దండోరా వేయించండి. పాపం, తెలియక వాళ్ళు కాళ్ళు పట్టి ఈడ్చేస్తారేమో!"

మీసం మీది చెయ్యి అక్కడే ఆగిపోయింది. దివాన్‌గారు నోరు విప్పేలోగా అల్లుడుగారు కుంటుకుంటూ వచ్చారు.

"మామయ్యగారూ, పొద్దుటి నుంచీ మోకాలు ఒకటే పోటు. గంగుల్నే పంపండి."

గవరమ్మ అల్లుడుగారికి ముంతెడు చల్ల ఊరికే పోసింది.