చిలుక మింగిన నిద్ర

అనగనగా ఒక రాజు. ఆయన పేరు రత్నసేనుడు. కథల్లో రాజులకు ఎంతమంది కొడుకులుంటారో ఆయనకూ అంతమందే, ముగ్గురు. రాజ్యంలో పంటకు కొదవ లేదు, పాడికి కొదవ లేదు. కొదవల్లా నిద్రకే. ఒకనాడు పక్క ఎక్కిన జనంలో ఎవరికీ కన్ను మూతపడలేదు. మర్నాడూ పడలేదు. ఆ మర్నాడూ పడలేదు. పసిపిల్లలు ఉయ్యాలల్లో గుక్కపట్టి ఏడిస్తే, తల్లులు వాళ్ళ పక్కన కూర్చుని ఏడ్చారు. అన్నదమ్ములు ఊరికే కొట్టుకున్నారు. నిద్ర లేని మనిషికి ఎదుటివాడు ఊపిరి పీల్చినా కోపమే మరి. కావాలంటే మీ అమ్మనడగండి.

ఇదంతా కరకంఠుడనే మాంత్రికుడి పని. చావు రాకూడదని వాడు తన ప్రాణాన్ని తీసి ఒక చిలుకలో దాచుకున్నాడు. బాగానే ఉంది. కానీ ప్రాణం ఒకచోట, ఒళ్ళు ఒకచోట పెట్టుకున్నవాడికి నిద్రెలా పడుతుంది? అందుకని రత్నసేనుడి రాజ్యంలో నిద్రనంతా దొంగిలించి ఆ చిలుక చేత మింగించాడు. అది కళ్ళు మూసుకుని పంజరంలో పడి ఉండేది. వాడు హాయిగా గుర్రు పెట్టేవాడు.

ముసలి రాజు రోజురోజుకూ కరిగిపోయాడు. ఇంకొన్నాళ్ళు కునుకు లేకపోతే ప్రభువు దక్కడని వైద్యులు చేతులెత్తేశారు. ఏడు కొండల వరసలు దాటితే మూడు సరస్సుల లోయ ఉందనీ, మాంత్రికుడు అక్కడుంటాడనీ ఆస్థాన జ్యోతిష్కుడు చెప్పాడు. పెద్ద రాకుమారుడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. నడిపివాడు వెళ్ళాడు, వాడూ రాలేదు. ఇక మిగిలింది చిన్నవాడు కీర్తిసేనుడు. కత్తి ఎత్తడానికే ఓపిక లేదు, కళ్ళు మంకెన పూలలా ఎర్రగా ఉన్నాయి. నువ్వూ పోతే నాకెవరున్నారని తండ్రి ఏడ్చాడు. ఆ ఏడుపు వినలేక త్వరగా బయల్దేరాడు.

మూడో కొండ దగ్గర గుర్రం కూలబడింది. అక్కణ్ణించి నడకే. ఎక్కడా ఆగలేదు. ధైర్యం ఎక్కువై కాదు. పడుకుని నిద్ర రాక దొర్లడం కన్నా నడవడమే నయమనిపించింది, అంతే. అలా నడిచి నడిచి ఏడో కొండ మీదికి చేరేసరికి కింద లోయ కనిపించింది.

పిల్లలూ, అలాంటి చోటు నేనైతే చూడలేదు. మూడు సరస్సులు మెట్లలా ఒకదాని కింద ఒకటి. పైది నీలం, నడిమిది ఆకుపచ్చ, కిందది పొద్దు వాలేటప్పుడు తేనె రంగు. ఒక్కొక్కదాని ఒడ్డున ఒక్కొక్క ఊరు, గడప గడపకీ చామంతులు, రెల్లుతో అల్లిన చిన్న పడవలు. కానీ అందం చూడటానికైనా ఓపిక ఉండొద్దూ? కీర్తిసేనుడు తన కాలివేళ్ళ వంక చూసుకుంటూ దిగాడు.

మొదటి సరస్సు ఒడ్డున పెద్దన్న ఒక రాతి మీద కూర్చుని నోరు తెరుచుకుని నీళ్ళ వంక చూస్తున్నాడు. పట్టి కుదిపితే, "తమ్ముడూ, ఆ నీలం చూశావా," అన్నాడే గానీ తల తిప్పలేదు. పక్కనున్న కొంగ జాలిపడి అసలు సంగతి చెప్పింది. ఈ నీళ్ళ మీద మాంత్రికుడి మాయ ఉందట. పరాయివాడెవడైనా కంటినిండా చూశాడా, ఇక లేవడట. ఊరివాళ్ళకు మాత్రం ఏమీ కాదు, రోజూ అందులోనే బట్టలుతుక్కుంటారు కాబట్టి.

"నువ్వెలా తప్పించుకున్నావు, రాకుమారా?" అని అడిగింది కొంగ.

"కళ్ళు మండుతున్నాయి. చూడబుద్ధి కాలేదు," అన్నాడు కీర్తిసేనుడు.

రెండో సరస్సు ఒడ్డున నడిపన్న అలాగే కూర్చున్నాడు. అక్కడో బర్రె నెమరు ఆపి, మాంత్రికుడు పోతే గానీ ఈ మాయ పోదంది. తల దించుకునే వెళ్ళమంది. కీర్తిసేనుడికి తల ఎత్తే ఓపికా లేదు.

మూడో ఊళ్ళో చప్పుడన్నదే లేదు. కోళ్ళు లేవు. రోకళ్ళకు గుడ్డలు చుట్టి దంచుతున్నారు. పిల్లలు కూడా గుసగుసగానే ఆడుకుంటున్నారు. చిలుక లేస్తుందని మాంత్రికుడు పెట్టిన కట్టడి అది. వాడి ఇంటికి నీళ్ళు మోసే అమ్మాయి ఒకతి ఉంది, చెంగల్వ. పుట్టి బుద్ధెరిగాక గట్టిగా నవ్వింది లేదు. తూలుతూ వస్తున్నవాణ్ణి చూసి ఆమె దారికడ్డంగా నిలబడి ఎక్కడికని అడిగింది. కీర్తిసేనుడు దాచుకోలేదు. దాచడానికీ ఓపిక కావాలి.

"కత్తి లోపల పెట్టండయ్యా," అంది చెంగల్వ మెల్లగా. "కత్తికి వాడు చావడు. మా లోయలో ఒక కట్టుబాటు ఉంది. ఏ ఇంటి నీళ్ళతో కాళ్ళు కడుక్కుంటే ఆ ఇంటికి మీరు అతిథి. అతిథి కన్ను మూసేదాకా ఇంటివాళ్ళు కన్ను మూయకూడదు. వాడు మంత్రం నేర్చింది ఈ కట్టు మీద ఒట్టేసే. తప్పితే మంత్రం పోతుంది. ఇక మీకా, నిద్ర రాదు కదా?"

అంటూనే ఆ ఇంటి గుమ్మంలో, ఆ ఇంటి కడవతో, అతని కాళ్ళ మీద నీళ్ళు పోసేసింది. ఆ అలికిడికి బయటికొచ్చిన కరకంఠుడు తడిసిన కాళ్ళు చూసి పళ్ళు నూరాడు. కానీ ఏం చేస్తాడు? అతిథి అతిథే. లోపలికి రమ్మన్నాడు.

త్వరగా పడుకోబెడితే పీడా పోతుందనుకుని, మొదట మీగడ పెరుగుతో పీకలదాకా అన్నం పెట్టాడు. కీర్తిసేనుడు తిన్నాడు, పడుకున్నాడు, పైకప్పు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత నూనె తెచ్చి తలకు మర్దనా చేశాడు. మాంత్రికుడి చేతులు నొప్పెట్టాయి గానీ రాకుమారుడి కన్ను మూతపడలేదు. చివరికి వాడే పక్కన కూర్చుని జోలపాట అందుకున్నాడు. వాడి గొంతుకు దొడ్లో మేక కట్టు తెంచుకుని పారిపోయింది.

ఇలా రోజులు గడిచాయి. దొంగ నిద్రకు అలవాటు పడ్డ ఒళ్ళు కదా, కరకంఠుడికి కళ్ళ కింద చారలొచ్చాయి, నడుస్తుంటే గోడలు తగిలాయి.

"నాయనా, నీకు దణ్ణం పెడతాను, పడుకోవూ," అన్నాడు ఒక మధ్యాహ్నం.

"నాకు మాత్రం ఇష్టం లేకనా? నా నిద్ర మీ దగ్గరే ఉంది. ఇస్తే పడుకుంటాను," అన్నాడు కీర్తిసేనుడు. అందులో ఎత్తు ఏమీ లేదు. నిజంగానే అడిగాడు పాపం.

నిద్ర లేనివాడి బుద్ధి ఎంతలో ఉంటుంది? ఒక్కడి నిద్రే కదా, పోతే పోయిందనుకున్నాడు మాంత్రికుడు. చిలుకను తెచ్చి, మెల్లగా తట్టి, ఒక్కసారి ఆవలించమన్నాడు. చిలుక ఒక కన్ను తెరిచి ఆవలించింది. దాని ముక్కులోంచి సన్నటి పొగలాంటిది వచ్చి కీర్తిసేనుణ్ణి చుట్టుకుంది.

అబ్బ, ఎన్నాళ్ళకు! ఒళ్ళంతా వెన్నలా అయిపోయింది. రెప్పలు వాలిపోయాయి. నోరు బారెడు తెరిచి ఆవలించాడు. అది చూసి చిలుక మళ్ళీ ఆవలించింది. ఇంకో పొగ బయటికొచ్చి కిటికీలోంచి కొండల వైపు పోయింది. ఆవలింతకు అన్న ఉన్నాడు గానీ తుమ్ముకు తమ్ముడు లేడని ఊరికే అన్నారా?

కీర్తిసేనుడికి అప్పుడు వెలిగింది. తను కన్ను మూస్తే అతిథి నిద్రపోయినట్టే. వాడు చిలుకను మళ్ళీ జోకొడతాడు, తండ్రి చచ్చిపోతాడు. మేలుకుని ఉంటే చాలు, ఎదురుగా కూర్చుని ఆవలిస్తే చాలు. కానీ ఆ ఉండటమే ప్రాణం మీదికొచ్చింది. ఏడు కొండలు నడవడం దీని ముందు ఏమీ కాదనిపించింది. చెంగల్వ పంజరం తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది. కళ్ళ మీద చన్నీళ్ళు చల్లింది. రెప్ప వాలితే గిల్లింది. అతను ఆవలించాడు, చిలుక ఆవలించింది. పసిపిల్లల నిద్ర కొండలు దాటింది, ఎద్దుల నిద్ర దాటింది, తల్లుల నిద్ర దాటింది. మాంత్రికుడు గుడ్డ తెచ్చి పంజరం మీద కప్పబోయాడు గానీ మధ్యలో వాడికీ ఆవలింత వచ్చి గుడ్డ జారిపోయింది.

అన్నిటికన్నా చివర చిలుక నోట్లోంచి మిణుగురంత వెలుగు వచ్చి కరకంఠుడి గుండెలో దూరింది. అది వాడి ప్రాణం. దాంతోపాటు ఇన్నాళ్ళూ దగ్గరికి రానివ్వని వయసంతా వాడి మీద పడింది. "అమ్మయ్య, నిద్దరొస్తోంది," అని గోడకు చేరగిలబడ్డాడు. మళ్ళీ లేవలేదు. చిలుక రెక్కలు విదిలించుకుని ఎగిరిపోయింది.

కీర్తిసేనుడు ఉన్నచోటే ఒరిగిపోయాడు. కాళ్ళకు నీళ్ళిచ్చింది తనే కాబట్టి, అతను గాఢంగా నిద్రపోయేదాకా చెంగల్వ పక్కనే మేలుకుని ఉంది.

లేచేసరికి అన్నలిద్దరూ సిగ్గుపడుతూ గుమ్మంలో ఉన్నారు. ఊళ్ళో రోకళ్ళు దభీదభీమంటున్నాయి. అప్పుడు తల ఎత్తి లోయను చూశాడు. చాలాసేపు చూశాడు. చెంగల్వ పక్కనుంటే ఇంకా బాగుంది. తనతో వస్తావా అని అడిగాడు. మీ ఊళ్ళో గట్టిగా నవ్వుకోవచ్చా అని అడిగింది. అందరూ లేచాక ఎంతైనా నవ్వుకోవచ్చన్నాడు.

వాళ్ళు ఊరు చేరితే ఎదురొచ్చేవాళ్ళే లేరు. కోట తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. కాపలావాళ్ళు బల్లేలు కావలించుకుని, భేరీ కొట్టేవాడు భేరీ మీద తల పెట్టుకుని, ఎద్దులు నడివీధిలో, అంతా నిద్రే. నలుగురూ చెప్పులు విప్పి చేత పట్టుకుని నడిచారు. ముసలి రాజు నోరు తెరిచి గుర్రు పెడుతున్నాడు. ఆ గుర్రు విని కీర్తిసేనుడికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. మంచం పక్కన నేల మీద కూర్చుని విన్నాడు.

పెళ్ళి ఆలస్యమైంది, పురోహితుడు లేవందే ఎలా? అయినా ఘనంగానే జరిగింది. కీర్తిసేనుడు, చెంగల్వ చాలాకాలం రాజ్యమేలారు. కానీ ముసలి రాజు కళ్ళు తెరిచిన రోజు సంగతి చెప్పి ముగిస్తాను. కొడుకు మంచం పక్కనే ఉన్నాడు, ఒళ్ళంతా దుమ్ము, గడ్డం మాసి ఉంది.

"ఎప్పుడొచ్చావు నాయనా? నన్ను లేపలేకపోయావా?" అన్నాడు రాజు.

"నేను వెళ్ళింది మిమ్మల్ని లేపడానికి కాదు కదా, నాన్నగారూ," అన్నాడు కీర్తిసేనుడు.

కథ ఆ లోయకి, మీరు మీ పక్కల మీదికి.