గట్టు కన్నం, కాలువ కన్నం

గోదారి మధ్య రెల్లు లంకలో జంతువులన్నింటికీ పెద్ద కోటయ్య తాబేలు. వయసెంతో ఆయనకే తెలీదు. కళ్ళు ఆనవు, చెవులు అంతంతమాత్రం, నోరు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది. వరదకి కొట్టుకొచ్చిన తాడిమొద్దు తొర్రలో కూర్చుని లంకంతటినీ నడిపేవాడు.

ఆయన మాట మోసేవి రెండు పక్షులు. నీటికోడికి లోపలి కాలువ దారి ఒక్కటే తెలుసు. రెల్లులో దూరి వెళ్ళి నీటిపిల్లుల చెవిలో చెప్పి వచ్చేది. కాకికి గట్టు దారి ఒక్కటే తెలుసు. ఆ చివరి నుంచి ఈ చివరికి అరుచుకుంటూ పోయేది. గుట్టు మాటలు కాలువకి, అందరి మాటలు గట్టుకి. ఏర్పాటు బాగానే ఉంది కదా? బంగారంలా ఉంది! తగలేసిందల్లా ఆయన వాటిని పిలిచే పద్ధతే. పొద్దున్నే వచ్చి మొద్దు మీద ముందు తట్టింది "ఒకటి", తర్వాత తట్టింది "రెండు". నీటికోడి తెల్లారకముందే లేచే రకం, కాకి ఒట్టి బద్ధకిష్టి. ఏళ్ళ తరబడి ఒకటంటే నీటికోడే అయింది. దాంతో గుట్టు మాట ఒకటికి, అందరి మాట రెండుకి చెప్పడం కోటయ్య తాతకి అలవాటైపోయింది.

ఇందులో ఉన్న బొక్క లంకలో ఎవరికీ కనపడలేదు. సింగన్న అనే నక్కకి కనపడింది.

ఆ శ్రావణంలో బుచ్చెమ్మ అనే బాతు ఏడు గుడ్లు పెట్టింది. కిందటేడు గుడ్లన్నీ సింగన్న పొట్టలోకే పోయాయి. పిల్లలు బయటికొచ్చే రోజులు దగ్గరపడగానే "ఈసారి కూడా పోతే నేను బతకను తాతా" అని మొద్దు ముందు కూలబడి ఏడ్చింది.

"ఊరుకోవే పిచ్చిదానా! మొగలి పొదలో దాచుకో. పొద్దున్నే నీటిపిల్లుల్ని కాపలాకి పంపిస్తాను" అన్నాడు తాత.

పొద్దున్న ఏమైందనుకున్నారు? సింగన్న కాలువ దారంతా నత్తలు పోశాడు. నీటికోడి ఒక్కటి తింది, ఇంకొక్కటి తింది, ఇంక కదల్లేదు. ఈలోపు కాకి వచ్చి మొద్దు మీద టకటకా తట్టింది.

"ఎవరూ? ఒకటేనా?"

"ముందొచ్చింది నేనే తాతా! అంటే ఒకటినే!" అంది కాకి. పుట్టి బుద్ధెరిగాక అది ముందు రావడం అదే మొదలు, ఆనందం పట్టలేకపోతోంది.

"అయితే విను. బుచ్చెమ్మ గుడ్లు మొగలి పొదలో ఉన్నాయి. నీటిపిల్లులు వెళ్ళి కాపలా కాయాలి."

ఇక చూస్కోండి! పొదలో గుడ్ల మీద కూర్చున్న బుచ్చెమ్మకి నెత్తి మీద నుంచి వినపడింది. "కావ్! బుచ్చెమ్మ గుడ్లు మొగలి పొదలో! కావ్! మొగలి పొదలో!"

దాని పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ వెనకే ఆకులు కదిలాయి, సింగన్న మూతి కనపడింది. ఏం చెయ్యాలి? బుచ్చెమ్మ ఒక్క గెంతులో బయటికొచ్చి, రెక్క విరిగినట్టు నేలకీడుస్తూ కుంటుకుంటూ నీళ్ళ దారి పట్టింది.

"అబ్బో, తల్లే దొరికింది! గుడ్లెక్కడికి పోతాయి, తర్వాత తినొచ్చు" అని వెంటపడ్డాడు సింగన్న. ఇంకో అడుగులో తోక అందేదే! బుచ్చెమ్మ రెండు రెక్కలూ టపటపా కొట్టి నది మీదికి లేచిపోయింది. వాడు బురదలో బోర్లా పడ్డాడు. కళ్ళు కడుక్కుని వచ్చేసరికి బుచ్చెమ్మా, అరుపులు విని వచ్చిన నీటిపిల్లులూ గుడ్లన్నీ తుంగలోకి చేర్చేశాయి.

ఆ మధ్యాహ్నం బుచ్చెమ్మ మొద్దు దగ్గర అగ్గిమీద గుగ్గిలమైంది.

"నీ గుట్టు తగలెయ్య తాతా! నా పిల్లల సంగతి లంకంతా చాటింపు వేయించావు!"

"నేను ఒకటికే చెప్పానే!" అన్నాడు తాత బిక్కమొహం వేసి.

"ఆ ఒకటి ఇవాళ కాకి! రోజూ నీటికోడి. రేపెవరో!"

"నా తప్పేంటి? చెప్పింది మోయడమే కదా నా పని" అంది కాకి.

"పోనీ ఇక నుంచి కాకీ, నీటికోడీ అనే పిలుస్తాను" అన్నాడు తాత.

"కాకికి జ్వరమొచ్చి బదులు పావురం వస్తేనో? మళ్ళీ తికమక పడతావు" అంది బుచ్చెమ్మ. మొద్దు చుట్టూ ఓసారి తిరిగి చూసింది. చూసి ఎగిరి గంతేసింది! "తాతా! నీ మొద్దుకి రెండు కన్నాలున్నాయి. ఒకటి గట్టువైపు, ఒకటి కాలువవైపు. గట్టుకి వెళ్ళేది ఎవరైనా సరే గట్టు కన్నం దగ్గరే నిలబడాలి. కాలువకి వెళ్ళేది కాలువ కన్నం దగ్గర. ఆ కన్నమే దాని పేరు. ముందొచ్చినా వెనకొచ్చినా, ఇది మారినా అది మారినా, నీ మాట మాత్రం దారి తప్పదు!"

"ఓసి నీ తెలివి బంగారం కానూ! ఇన్నేళ్ళూ నా బుర్ర ఏమైందే!" అన్నాడు తాత.

మర్నాడు సింగన్న మళ్ళీ నత్తలు పోశాడు. రెల్లు చాటు నుంచి చూస్తే కాకే ముందొచ్చింది. వాడి నోట్లో నీళ్ళూరాయి.

"గట్టు కన్నమా? గేదెల మందని తుమ్మచెట్ల కిందికి మేతకి రమ్మను" అన్నాడు తాత. తర్వాత నత్తలు అరిగించుకుంటూ వచ్చిన నీటికోడితో "కాలువ కన్నమా? తుంగ దగ్గర కాపలా పెంచమను" అన్నాడు. ఆ మాట రెల్లులోనే మునిగిపోయింది.

సింగన్నకి వినపడింది కాకి అరుపొక్కటే. "ముందొచ్చిందంటే ఒకటి, ఒకటి నోట్లో ఉన్నది గుట్టు. గుడ్లకి కాపలాగా గేదెల్ని పిలుస్తున్నారన్నమాట. అవి కదిలేలోపు నేనే ముందు!" అని తుమ్మచెట్ల కిందికి ఉరికాడు. తల పొదలో దూర్చి వెతుకుతుండగా వెనక నేల అదిరింది. తిరిగి చూస్తే నలభై గేదెలు, ఎనభై కొమ్ములు!

ఒక కొమ్ము తగిలి వెళ్ళి గోదార్లో పడ్డాడు. అదే సమయానికి తుంగలో మొదటి గుడ్డు చిట్లింది. బుచ్చెమ్మ ఆనందం ఏం చెప్పను! ఏడుకి ఏడూ పిల్లలయ్యాయి.

"ఒసేయ్ కాకీ! ముందొచ్చావు కదే, నువ్వే కదే ఒకటివి?" అని అరిచాడు సింగన్న, ప్రవాహంలో కొట్టుకుపోతూ.

"ఒకటీ లేదు, రెండూ లేదు. నేనిప్పుడు గట్టు కన్నాన్ని!" అంది కాకి.

లంకలో పక్షులకైనా, మీ చిన్న కంప్యూటర్ పెట్టెలో, ఆన్ చేసిన ప్రతిసారీ ఒక్కో వరసలో లేచే నెట్‌వర్క్ తీగల దారులకైనా, ముందు లేచిందేదో చూసి పేరు పెట్టకండి. ఏ కన్నం దగ్గరుందో చూసి పెట్టండి.