కళ్లు తెరవని పటం

గురువు లేని విద్య గుడ్డి విద్య అంటారు. సుగుణకు గురువు ఉన్నాడు, అదీ అలాంటిలాంటి గురువు కాదు. కానీ పొగడ్త చెవిన పడ్డాక గురువు మాట గుర్తుండటం కష్టం. అది ఆమె ఒక్కదాని తప్పే అనలేం.

నకాషీ పర్వతాలు తాతది పటాలు రాసే ఇల్లు. గుడ్డకు గంజీ సుద్దా పట్టించి, ఎర్రరంగు నేపథ్యం మీద మార్కండేయుని కథ లాంటి కులపురాణాల బొమ్మలు వేస్తారు. కథ చెప్పేవాళ్లు ఆ పటాన్ని వేలాడదీసి, ఒక్కో బొమ్మా చూపిస్తూ రాత్రంతా చెబుతారు. బయటివాళ్లకు కుంచె ఇవ్వని ఇల్లది. అలాంటి ఇంట్లో, బీడీలు చుట్టే లచ్చవ్వ కూతురు సుగుణకు తాత పిలిచి కుంచె ఇచ్చాడు. కొడుకులు గొణిగితే, "ముందు ఆ పిల్ల గీత సూడుండ్రి, తర్వాత మాట్లాడుండ్రి" అన్నాడు. చూశాక వాళ్లేం మాట్లాడలేదు.

ఒక్క పని మాత్రం తాత ఎవరి చేతికీ ఇవ్వలేదు. పటంలో కళ్లు అన్నిటికన్నా చివర పెడతారు. దాన్ని కళ్లు తెరవడం అంటారు. ఆ పని తాతే చెయ్యాలి. కళ్లు తెరవని పటాన్ని నలుగురి ముందు విప్పకూడదు.

హైదరాబాదులో ఒక గ్యాలరీ వాళ్లు 'మారుతున్న మనం' అని ప్రదర్శన పెడుతూ సుగుణను పిలిచారు. ఆమె దేవుళ్ల కథ రాయలేదు. తన వాడ ఆడవాళ్ల కథ రాసింది. దేవుళ్లుండే చోట తునికాకు చాటలు ఒళ్లో పెట్టుకున్న అమ్మలక్కలు కూర్చున్నారు. కూలి పెంచమని వాళ్లు చేసిన సమ్మె ఒక బొమ్మ. రాత్రిబడిలో సంతకం నేర్చుకోవడం ఒకటి. ఆడపిల్లలు కాలేజీ బస్సెక్కడం ఇంకొకటి. పటం చూసి తాత చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. ఆయన మెచ్చుకోవడమంటే అంతే.

అంతలో తాతకు జ్వరం తగిలింది. "పటం తీసుకపో. చుట్టిందాన్ని చుట్టినట్టే ఉంచు. నేనొచ్చి కండ్లు తెరుస్త" అన్నాడు.

గ్యాలరీకి చేరాక సుగుణ, గోడ సరిపోతుందో లేదో చూద్దామని పటం విప్పింది. సరిగ్గా అప్పుడే గ్యాలరీ నడిపే మృణాళిని గారు వచ్చారు. కళ్లు లేని ముఖాలను చూసి ఆవిడ నిలబడిపోయారు.

"ఎంత ధైర్యం సుగుణా! ఇంత శ్రమ చేసిన వాళ్లకు చూపు లేకుండా చేశారు. గుర్తింపు దక్కని బతుకులని ఎంత బాగా చెప్పారు!"

పాపం, ఆవిడది మంచి మనసే. చూసింది చూసినట్టు నమ్మారు. 'ఇంకా కాలేదు మేడం' అని ఒక్క మాటంటే సరిపోయేది. సుగుణ అనలేదు, తల ఊపింది. సాయంత్రానికి మరో ఇద్దరు చిత్రకారులు వచ్చి ఆమెను మునగచెట్టెక్కించారు. ఎక్కాక కింద ఏముందో కనబడదు. 'కళ్లు లేని ముఖాలు' అని గోడ మీద పేరు కూడా అతికించారు.

మర్నాడు సాయంత్రమే ప్రారంభం. వాడ ఆడవాళ్లంతా వ్యాను మాట్లాడుకుని వస్తున్నారు. తమ బొమ్మలు పట్నంలో పెట్టారని లచ్చవ్వ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. సుగుణ తాతకు ఫోన్ చేసింది.

"తాతా, కండ్లు అట్లనే ఉంచుదామంటున్నరు. అండ్లనే పెద్ద అర్థమున్నదట. నువ్వు వచ్చి దీవిస్తే సాలు."

తాత ఒక్కటే అడిగాడు.

"మీ అమ్మకు జెప్పినవా?"

"అమ్మకేం దెలుస్తది తాతా, గివన్నీ?"

"సరే" అని ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు మధ్యాహ్నానికి తాత దిగాడు. జ్వరం ఇంకా వదల్లేదు, భుజాన శాలువా ఉంది. గ్యాలరీ వాకిట్లో సుగుణది నిలువెత్తు ఫొటో నిలబెట్టారు. చేతిలో కుంచె, ముఖంలో నవ్వు. తాత దాన్ని ఎగాదిగా చూశాడు. సంచిలోంచి సుద్ద గిన్నె తీసి, బొటనవేలు ముంచి, ఆ ఫొటోలో రెండు కళ్ల మీదా నిమ్మళంగా పూశాడు.

వచ్చేపోయే వాళ్లు ఆగి చూశారు. ఎవరో కిసుక్కుమన్నారు. సుగుణ పరుగున వచ్చింది. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"ఏంది తాతా గిది! అందరి ముంగట నా మొఖం గిట్ల జేస్తివి!"

తాత గిన్నె మూత పెట్టుకున్నాడు.

"కోపమెందుకు బిడ్డా? పెద్ద అర్థమున్నదంటరు."

సుగుణ వెనక్కి తిరిగి లోపలికి చూసింది. దూరంగా గోడ మీద తన తల్లి ఉంది, పక్కింటి రాజవ్వ ఉంది, సమ్మెలో ముందు నడిచిన నర్సమ్మ ఉంది. ఒక్కరికీ చూపు లేదు. ఇంకాసేపట్లో వాళ్లంతా వచ్చి తమ ముఖాలు తాము వెతుక్కుంటారు. సుగుణకు సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది, ఆపుకోలేదు.

కళ్లు తుడుచుకుని మృణాళిని గారి దగ్గరికి వెళ్లి, "అబద్ధమాడిన మేడం. పటం ఇంకా కాలేదు" అంది. ఆవిడ ఒక క్షణం చూసి, గోడ మీది పేరు తన చేత్తోనే పీకేశారు.

సుగుణ తాత ముందు నిలబడింది. "తెరువు తాతా."

తాత సంచిలోంచి సన్నకుంచె తీశాడు. ఆయన తండ్రి వాడిన కుంచె అది. దాన్ని ఆమె చేతిలో పెట్టాడు. సుగుణ నిప్పు ముట్టుకున్నట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నేనా? నేనెన్నడు తెరువలే."

"మార్కండేయుని కండ్లెట్లుంటయో మా నాయిన నాకు జెప్పిండు. వీళ్ల కండ్లెట్లుంటయో నాకెవరు జెప్పిన్రు? నువ్వు సూసినవు. నువ్వే తెరువాలె."

ఆమె నిచ్చెన ఎక్కింది. మొదట కుంచె తల్లి ముఖం దాకా పోయి ఆగింది. పొగాకు దుమ్ముకు ఎప్పుడూ ఎరుపెక్కి ఉండే తల్లి కళ్లు గుర్తొచ్చాయి. బీడీల సేటు ఆకు తక్కువిచ్చిన రోజు అవే కళ్లు ఎలా మండేవో కూడా గుర్తొచ్చింది. ఆ తర్వాత కుంచె ఆగలేదు. నల్లపాపలు తప్ప అన్నీ రాసేసరికి బయట కార్లు ఆగాయి.

దీపం వెలిగించే పెద్దమనిషి వచ్చి పటం ముందు నిలబడబోయాడు. తాత చెయ్యి అడ్డం పెట్టాడు.

"జర పక్కకు, సారు. పటం మొదటి సూపు పటం వాళ్ల మీదనే పడాలె. మా ఇంటి రివాజు."

ఆ పెద్దమనిషి పక్కకు జరిగాడు. ఊరంతటి హాల్లో పటం ముందు చోటు ఖాళీగా ఉంది. సుగుణ నిచ్చెన మీద ఉంది. అందరూ బీడీ ఆడవాళ్ల కోసం ఎదురుచూశారు. జన్మలో వాళ్ల కోసం ఎవరైనా అలా ఎదురుచూశారో లేదో!

ట్రాఫిక్కులో ఇరుక్కున్న వ్యాను ఎట్టకేలకు వచ్చింది. ఆడవాళ్లు చెప్పులు బయటే విడిచి, తప్పు చేసినవాళ్లలా ఒకరి వెనక ఒకరు లోపలికొచ్చారు. తాత వాళ్లను తీసుకొచ్చి ఖాళీ చోట్లో నిలబెట్టి, నిచ్చెన వైపు చూసి తల ఊపాడు.

సుగుణ ఒక్కొక్క ముఖానికీ నల్లపాప పెడుతూ పోయింది. చివరగా తల్లి ముఖానికి పెట్టి దిగింది.

రాజవ్వ పక్కామెను గిల్లింది. "ఏయ్, మన దిక్కే సూస్తున్నరే!"

ఏళ్లకేళ్లు చాట మీద వంగిన నడుములు. లచ్చవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుని, పట్నపోళ్ల మధ్య ఇంకాస్త ముడుచుకుని నిలబడింది. తాత ఆమె పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు.

"నడుము లేపు చెల్లే. పటం సూస్తున్నది."

లచ్చవ్వ కొంగు వదిలేసింది. ఆమె వెనక ఒక్కొక్కరే నిటారుగా నిలబడ్డారు.