జోడుమెట్ట తలుపులు

అనగనగా ఒక ఊళ్ళో... ఆగు, ముందు ఆ కాళ్ళు దుప్పట్లోకి తియ్యి. మధ్యలో ఊరి పేరేంటని అడుగుతావు, అందుకే ముందే చెప్పేస్తున్నా. జోడుమెట్ట. కొండ నడుం మీద తొమ్మిదంటే తొమ్మిదే ఇళ్ళు. పైన అల్లం తోటలు, కింద వాగు. వాగు మీద రెండు దుంగలు వేసిన వంతెన. దాటితే అవతల పెద్ద నల్లబండ. జీపు వచ్చేది ఆ బండ దాకానే.

ఆ ఊళ్ళో అప్పలాచారి అని ఒక వడ్రంగి ఉండేవాడు. తొమ్మిదిళ్ళ తలుపులూ ఆయన చేసినవే. చిటికెన వేలితో తోస్తే చాలు, చప్పుడు లేకుండా పడేవి. ఆ గర్వం ఇంతా అంతా కాదు! పాపం, భార్య పోయింది. కూతురు నూకరత్నం ఒక్కతే. నెలలు నిండి, పురిటికని పుట్టింటికి వచ్చింది.

అప్పుడు ఒకరోజు, ఎండలు మండిపోతుండగా, ఆయన ఇంటి తలుపే బిగిసింది. పై మూల గుమ్మానికి తగిలి కిర్రుమంది. ఆయనకి తల కొట్టేసినట్టయింది.

పక్కింటి అరుగు మీద బంగారమ్మ కూచుంది. డెబ్బై ఏళ్ళ మనిషి, మోకాళ్ళు పట్టేశాయి గానీ నోరు మాత్రం ఊరంతా తిరిగేది. "ఏటిరా ఆచారీ! నీ తలుపుకే దిక్కులేదు, ఊరి తలుపులు నువ్వేం చేస్తావురా?" అంది. ఆయన పళ్ళు కొరుక్కుంటూ చిత్రిక తెచ్చి ఆ మూల నున్నగా తోపేశాడు. తలుపు పడింది.

మూడు రోజులు బాగానే ఉంది. నాలుగో రోజు మళ్ళీ బిగిసింది. మళ్ళీ తోపాడు. ఆ తర్వాత బంగారమ్మ తలుపు బిగిసింది, ఆ తర్వాత గవరయ్య తలుపు. అలా ఒక్కొక్కటే అన్నీ బిగిశాయి. "చెక్క ఉబ్బిందిలే" అంటూ అన్నీ చిత్రిక పట్టాడు.

మండుటెండల్లో చెక్క ఉబ్బుతుందిటే? ఎండితే కుంచించుకుపోతుంది గానీ! ఆ సంగతి వడ్రంగికి తెలియకేం, తెలుసు. కానీ పరువంతా తలుపులోనే పెట్టుకున్నవాడికి గుమ్మం వైపు చూపు పోతుందా? పోలేదు.

ఆ తర్వాత వానలు మొదలయ్యాయి. మొదటి రోజు పడింది. రెండో రోజూ పడింది. మూడో రోజు తెరిపే లేదు.

ఆ మూడో రోజు మధ్యాహ్నం అప్పలాచారి బిందె తీసుకుని కొండ ఊట దగ్గరికి వెళ్ళాడు. ఎప్పుడూ తేటగా ఉండే నీళ్ళు ఎర్రగా, చిక్కగా వస్తున్నాయి. ఇదేంటని తలెత్తి చూశాడు. పైన అల్లం తోట కంచె రాటలన్నీ వాగు వైపు ఒరిగిపోయి ఉన్నాయి. ఆ రాటలు నిటారుగా పాతింది తనే. 

అప్పుడు బిందె అక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తాడు. దారానికి ఇనపగుండు కట్టి గుమ్మం పక్కన వేలాడదీశాడు. దారం తిన్నగా ఉంది, గుమ్మం లేదు. రెండు వేళ్ళ మేర వాగు వైపు వాలిపోయింది. బంగారమ్మ గుమ్మం దగ్గర పట్టి చూశాడు, గవరయ్య గుమ్మం దగ్గర చూశాడు. అన్నీ అటే.

ఎందుకో చెబుతా విను. కొండంటే నిలువెల్లా రాయే అనుకుంటున్నావా? లోపల రాయి, పైన మట్టి. ఆ మట్టీ ఒకప్పుడు రాయే. పగలు కాగి, రాత్రి చల్లారి, రాయి బీటలిస్తుంది. ఆ బీటలోకి నీళ్ళు దిగుతాయి, వేరు దూరుతుంది. వేల వేల ఏళ్ళకి అది నలిగి మట్టవుతుంది. ఏటవాలులో ఆ మట్టిని గట్టిగా పట్టుకునేవి చెట్ల వేళ్ళు. జోడుమెట్ట వాళ్ళేమో అల్లం వేద్దామని పైన చెట్లన్నీ కొట్టేశారు. అప్పట్నించీ మట్టి జరుగుతూనే ఉంది, నెలకి ఓ గోరంత. దాంతోపాటు ఇళ్ళూ జరుగుతున్నాయి. ఇప్పుడు మూడు రోజుల వాన ఇంకి ఆ మట్టి ఎంత బరువెక్కిందో! నున్నటి రాతి మీద తడిసిన బొంత ఎంతసేపు నిలుస్తుంది? కొండకి కోపమొచ్చిందంటారు గానీ, కోపమూ లేదు పాడూ లేదు, బరువు.

అప్పలాచారి ఇంటింటికీ పరిగెత్తాడు. "కొండ జారేలా ఉంది, బండ మీదికి పోదాం రండి!" అని మొత్తుకున్నాడు. గవరయ్య తలుపు వేసి చూపించి, తీసి చూపించి నవ్వాడు. "ఇల్లు ఒరిగితే తలుపు ఇంత బాగా పడుతుందా మావా? నువ్వేగా చిత్రిక పట్టావు!" ఎవరింటికి వెళ్ళినా అదే మాట.

ఆ మాట ఆయనకి కొరడా దెబ్బలా తగిలింది. ఆ తలుపులు నెలరోజుల నించీ కిర్రు కిర్రుమని చెబుతూనే ఉన్నాయి కదే! తనే వాటి నోరు నొక్కేశాడు. ఇప్పుడు ఊరికి ఊరే పోతే ఆ పాపం ఎవరిది? వానలో నిలబడి తల బాదుకున్నాడు. బాదుకుంటే ఏం లాభం? తన మాట నమ్మరు. తన పనిని మాత్రం నమ్ముతారు. అప్పుడు ఆలోచించాడు.

ముందు కూతురి దగ్గరికి వెళ్ళాడు. "అమ్మా, నొప్పులని గట్టిగా అరువు."

"నాకు రావట్లేదు నాన్నా."

"రాకపోయినా అరువమ్మా, నీకు పుణ్యముంటుంది!"

నూకరత్నం తండ్రి మొహం చూసింది.  ఓలమ్మో, నాయనో అని కొండ దద్దరిల్లేలా అరిచింది. కాన్పు నొప్పులంటే ఆడవాళ్ళు ఆగుతారా? పిల్లల్ని చంకనేసుకుని వచ్చేశారు. ఇద్దరు మగవాళ్ళు డోలీ కట్టి ఎత్తుకున్నారు. జీపు వచ్చేది బండ దగ్గరికే కదా, అందరూ డోలీ వెనకాలే వంతెన దాటారు.

ఆ తర్వాత అప్పలాచారి సంచీ భుజాన వేసుకుని మిగిలిన మగవాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. "వానకి గడియలు కూడా బిగిసిపోతాయి, ఇలా ఇవ్వండి, చెక్కి తెస్తాను" అన్నాడు. అందరూ తలుపు గడియలు ఊడదీసి ఇచ్చారు. బంగారమ్మ కూడా ఇచ్చింది. "పొద్దుగూకే లోపల తేకపోయావో, నీ తోలు ఒలుస్తాను!" అంది. అప్పుడు ఆయన సంచీ పట్టుకుని వంతెన దాకా ఒక్క పరుగు తీశాడు. "గడియలు కావలసినవాళ్ళు బండ మీదికి రండి!" అని కేకేసి అవతలికి దాటేశాడు.

పనసపళ్ళ రోజులవి. సాయంత్రం అయ్యేసరికి ఎలుగుబంట్లు గుమ్మాల దాకా వచ్చేస్తాయి. గడియ లేని ఇంట్లో ఎవరు పడుకుంటారు? మగవాళ్ళందరూ కర్రలు తీసుకుని వెంటపడ్డారు. బండ మీద గవరయ్య ఆయన చొక్కా పట్టేసుకున్నాడు. "నీకేమైనా పిచ్చా మావా?"

ఆయన అప్పటికే ఇంటింటి మనుషుల్నీ లెక్క చూసుకుంటున్నాడు. బంగారమ్మ రాలేదు. మోకాళ్ళు సహకరించవు కదా, ఇంట్లో కూచునే తిడుతోంది. ఆ తిట్లు వాగు ఇవతలికి వినిపిస్తున్నాయి.

ఎలా వినిపిస్తున్నాయి? వాగు హోరులో మనిషి గొంతు వినపడదే! అందరూ కిందికి చూశారు. వాగు ఆగిపోయింది. అంత వానలో, చుక్క పారకుండా ఆగిపోయింది. పైన మట్టి జారి దారి మూసేసిందన్నమాట.  గవరయ్య చెయ్యి దానంతటదే చొక్కా వదిలేసింది.

అప్పలాచారి సంచీ అక్కడే పడేసి, నడుముకి దోపుకున్న బాడిస, అదే చెక్కలు చెక్కే చిన్న గొడ్డలి లాంటిది, పట్టుకుని వెనక్కి పరిగెత్తాడు. "నాన్నా!" అని కూతురు అరిచింది. ఈసారి నిజంగానే అరిచింది. ఆయన ఆగలేదు.

బంగారమ్మ తలుపు తోశాడు. రాలేదు. భుజంతో గుద్దాడు. కదల్లేదు. లోపల్నించి ఆవిడ లాగుతోంది. "రావట్లేదురా నాయనా" అంది. ఆ గొంతు అంత మెత్తగా ఉండటం ఆయన ఎప్పుడూ వినలేదు. కాళ్ళకింద నేల సన్నగా వణుకుతోంది. గుమ్మం మెలి తిరిగి తలుపుని కరిచేసుకుంది.

అప్పుడు ఆయన బాడిస ఎత్తాడు. ఒక దెబ్బ వేశాడు, రెండో దెబ్బ వేశాడు. మూడో దెబ్బకి తన చేతులతో చేసిన తలుపు నిలువునా చీలింది. బంగారమ్మని వీపున వేసుకుని దిగువకి పరిగెత్తాడు. బయటపడగానే ఆవిడకి నోరు వచ్చేసింది. "నా తలుపు పగలగొట్టావు కదరా, నీ జిమ్మడ!" అంటూ వంతెన దాటేదాకా ఆయన నెత్తి మీద మొత్తుతూనే ఉంది. ఆయన జారుతూ, పడుతూ, లేస్తూ బండ అంచుకి చేరి ఆవిడని దింపాడు.

అంతే! కొండ కడుపులో ఎవరో రాళ్ళు నూరుతున్నట్టు చప్పుడైంది. అల్లం తోట కంచెతో సహా కదిలింది. కాసేపు రాటలు నిలబడే జారాయి, ఆ తర్వాత మొత్తం విరుచుకుపడింది. ఇళ్ళు లేవు, అరుగులు లేవు, వంతెన లేదు. బురద వాగు నిండా పొర్లి, బండ అంచుని కొట్టి, పైకి లేచి అందరి మీదా పడింది. బండ మాత్రం కదల్లేదు. మట్టంతా ఎప్పుడో కొట్టుకుపోయి మిగిలిన అసలు రాయి అది.

చప్పుడు తగ్గింది. వానపొగ కమ్మేసి పక్కమనిషి కనపడటం లేదు. అందరూ ఒకేసారి అరుస్తున్నారు, ఎవరి పిలుపూ ఎవరికీ అందట్లేదు. అప్పలాచారి తడుముకుంటూ సంచీ అందుకున్నాడు. లోపల చెయ్యి పెట్టి ఒక గడియ తీశాడు. ఏ గడియ ఎవరిదో ఆయన వేళ్ళకి తెలుసు.

"గవరయ్య గడియ!" అని కేకేశాడు.

"ఉన్నాం మావా, ఐదుగురం!"

"పైడయ్య గడియ!"

"ముగ్గురం ఉన్నాం!"

అలా ఒక్కొక్కటే తీసి పిలిచాడు. ఏడు గడియలకి ఏడు జవాబులు వచ్చాయి. చివరి గడియ తీశాడు. "బంగారమ్మత్తా!" అన్నాడు. జవాబు లేదు. ఇంకోసారి పిలిచాడు. లేదు. బండ అంచున దింపింది తనే. బురద లేచింది అక్కడే. ఆయన గడియ పట్టుకుని ఆ అంచు వైపు రెండు అడుగులు వేశాడు. మూడోసారి పిలవబోయాడు.

అప్పుడు టప్పుమని ఒక బురదగడ్డ వచ్చి ఆయన వీపుకి తగిలింది.

ఇందాకట్నించీ తిట్టీ తిట్టీ ఆవిడ గొంతు పోయిందే అమ్మడూ! ఉన్నానని చెప్పడానికి ఇంకేం చేస్తుంది మరి? అప్పలాచారి ఆ గడియని గుండెకి పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. "ఇంకోటి వెయ్యత్తా, ఇంకోటి వెయ్యి!" అంటూ పసిపిల్లాడిలా ఏడ్చాడు.

ఆవిడ ఇంకోటి వేసింది.

కొండ మన్ను వాగుకి,
వాగు మన్ను చేనుకి,
కథ చేరె కంచికి,
కునుకు చేరె కంటికి.